బొచ్చె అనుకుని కొన్న చేప

(కైకలూరులో చేపల రైతులు, ఫిషరీస్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం, మైకు ఆగిపోయిన చోట మాత్రం కాస్త అతికించాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? చెయ్యెత్తండి. సరే, ఎత్తారు కాబట్టి వినిపిస్తున్నట్టే.

బయట బోర్డు మీద "సక్కర్ ఫిష్ జీవితం" అని రాశారు కదా, అది చూసి ఇందాక ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ దరిద్రం మా చెరువులో పడింది, వలలు చింపేస్తోంది, దానికి మందేదైనా ఉందా" అని అడిగారు. ఆయన అడిగింది వేరే చేప గురించండీ. ఒళ్ళంతా పెంకులు కప్పుకుని, అక్వేరియం అద్దానికి నోరు అతికించుకుని పాచి తింటూ ఉంటుంది చూడండి, మనవాళ్ళు డెవిల్ ఫిష్ అంటున్నది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన జాతి, వంశం చూస్తే వాలుగ, జెల్ల, మార్పు, వాటి వైపు చుట్టం. ఎవరో ఇంట్లో తొట్టిలో పెంచి, విసుగొచ్చి కాలవలో వదిలేస్తే ఇంత దూరం వచ్చింది. నేను చెప్పబోయే సక్కర్ ఉత్తర అమెరికాది. అది మన బొచ్చె, శీలావతి వైపు చుట్టం. పేరు ఒకటే, ఇంటిపేరు వేరు. కాబట్టి మందు కోసం వచ్చినవాళ్ళు నన్ను క్షమించాలి.

నాది ఆకివీడు. మా నాన్న చేపల చెరువులు చేసేవారు, ఇప్పటికీ ఒక చెరువు చేస్తున్నారు, వద్దంటే వినరు. నేను జువాలజీ చదివి, పెళ్ళయ్యాక అమెరికాలో ఫార్గో అనే ఊరు వెళ్ళాను, నార్త్ డకోటా రాష్ట్రం, చలికాలంలో ముక్కు ఊడిపోతుందేమో అనిపించే ఊరు. అక్కడ రెడ్ రివర్ అని ఒక నది ఉంది, దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, కెనడాలోకి వెళ్ళిపోతుంది. నది దాటితే మిన్నెసోటా. ఈ కథంతా ఎక్కువగా ఆ చుట్టుపక్కలే జరుగుతుంది.

వెళ్ళిన కొత్తలో ఒక ఏషియన్ స్టోర్‌లో ఐసు మీద పెద్ద చేప కనిపించింది. పెద్ద పెద్ద పొలుసులు, ఆలివ్ రంగు వీపు, లావుపాటి ఒళ్ళు. నాకు ప్రాణం లేచొచ్చింది, బొచ్చె! కోయించుకుని ఇంటికి తెచ్చి, తల, తోక సింకు దగ్గర పెట్టి నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన ఫోను దగ్గరగా పెట్టించి చూసి, "అమ్మాయ్, ఇది బొచ్చె ఏంటే, బొచ్చె తల ఇంత చిన్నగా ఉంటుందా, బొచ్చెకి కింది దవడ పైకి లేచి ఉంటుంది, దీనికి నోరు తిన్నగా ముందుకుంది" అన్నారు. మరి బంగారుతీగేమో అన్నాను, వీపు మీద రెక్క పొడుగ్గా ఉంది కదా అని. "మీసాలేవీ?" అన్నారు. చూశాను, లేవు. "రెక్క మొదట్లో రంపంలాంటి ముల్లు ఉందా?" వేలు పెట్టి చూశాను, లేదు. మెత్తగానే ఉంది. "అయితే ఇది మనది కాదు" అని ఫోను పెట్టేశారు.

ఇన్నాళ్ళ తర్వాత చెప్తున్నాను, అమెరికాలో ఉన్న మత్స్యశాఖ పుస్తకాలు ఈ చేపని బంగారుతీగతో పోల్చి ఎలా గుర్తుపట్టాలో రెండు పేజీలు రాస్తాయి, అందులో ఉన్నదంతా మా నాన్న ఆ రెండు నిమిషాల్లో చెప్పేశారు. మీసాల్లేవు, రంపపు ముల్లు లేదు. అంతే తేడా. అక్కడివాళ్ళకి ఆ తేడా చాలామందికి తెలీదు, అదే దీని కొంప ముంచింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

దాని పేరు బిగ్‌మౌత్ బఫెలో. పెద్దనోటి గేదె అనుకోండి. (నవ్వులు) నవ్వకండి, శాస్త్రీయ నామం ఇంకా బాగుంటుంది, ఇక్టియోబస్ సైప్రినెల్లస్. గ్రీకులో ఇక్టియోస్ అంటే చేప, బస్ అంటే ఎద్దు. వీపు మీద కాస్త మూపురంలా లేచి ఉంటుంది, అందుకు పెట్టి ఉంటారు. దీని కుటుంబం పేరు కాటోస్టోమిడే, అంటే నోరు కిందికి ఉన్నవి అని. ఈ కుటుంబంలో చేపలు ఓ ఎనభై రకాల దాకా ఉన్నాయి, దాదాపు అన్నీ ఉత్తర అమెరికాలోనే. ఒక్క రకం మాత్రం చైనాలో యాంగ్‌ట్సీ నదిలో ఉంటుంది, ఇంకొకటి అలాస్కా దాటి సైబీరియా నదుల్లోకి కూడా పాకింది. మూతి కిందికి వంగి, పెదవులు దళసరిగా, నదీగర్భంలో రాళ్ళ మీద పురుగూ పుట్రా పీల్చుకు తింటాయి కాబట్టి సక్కర్ అన్నారు.

మన చేపలతో చుట్టరికం ఏమిటంటే, బొచ్చె, శీలావతి, మోసు, బంగారుతీగ, గడ్డిచేప, వీటన్నిటితో పాటు సక్కర్లు కూడా ఒకే పెద్ద వర్గం, సైప్రినిఫార్మిస్. వీటన్నిటికీ దవడల్లో పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, నీళ్ళలో చప్పుడు బాగా వినడానికి. కండలో ఆ వై ఆకారపు ముళ్ళూ ఉంటాయి, పిల్లలకి తినిపించేటప్పుడు మన ప్రాణం తీసేవి. తేడా కూడా ఒకటుంది, చదువుకునే పిల్లలు రాసుకోవచ్చు. మన బొచ్చెకీ శీలావతికీ క్రోమోజోములు 50 అయితే, సక్కర్లకి 100. కోట్ల ఏళ్ళ కిందట ఎప్పుడో వీటి పూర్వీకుల్లో మొత్తం జన్యువుల పుస్తకం రెండు కాపీలు పడింది, ఆ రెండో కాపీని ఇవి పారేసుకోలేదు.

బిగ్‌మౌత్ బఫెలో సక్కర్ కుటుంబంలో పుట్టింది గానీ సక్కర్‌లా తినదు. దీని నోరు కిందికి కాదు, ముందుకుంది. మొప్పల లోపల సన్నటి దువ్వెన పళ్ళలాంటివి వరసగా ఉంటాయి, నీళ్ళు లోపలికి లాగి వాటి గుండా వడకట్టి, నీటిపురుగుల్ని, డాఫ్నియా లాంటి జూప్లాంక్టన్‌ని, అంటే నీళ్ళలో తేలే సన్నటి జీవుల్ని తింటుంది. మీ చెరువులో బొచ్చె చేసే పనే అక్కడ ఇది చేస్తుంది. చూడండి, రెండు ఖండాల్లో రెండు వేర్వేరు ఇళ్ళ చేపలు ఒకే ఉద్యోగంలో చేరాయి. దీని దగ్గరి చుట్టాలు ఇంకో రెండున్నాయి, స్మాల్‌మౌత్ బఫెలో, బ్లాక్ బఫెలో, అవి మాత్రం అడుగునే తింటాయి.

మురికి నీళ్ళు, తక్కువ ఆక్సిజన్, దీనికి పెద్ద బాధ లేదు. ఆగస్టులో చెరువు పచ్చబడి తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే మనకి టెన్షన్ పట్టుకుంటుంది కదా, ఏరియేటర్లు వెయ్యండ్రా అని పరుగెడతాం, అలాంటి నీళ్ళలో కూడా ఇది చాలా చేపల కన్నా గట్టిగా నిలబడుతుంది. చలికాలం ఐదు నెలలు నెత్తిన మంచు పలక పెట్టుకుని కింద కూర్చుంటుంది. ఉత్తర అమెరికా సక్కర్లన్నిట్లోకీ పెద్దది ఇదే, ముప్ఫై కిలోలు దాటినవి పట్టారు. మా ఉత్తరాది నీళ్ళలో మాత్రం పది, పన్నెండు కిలోలంటే పెద్ద చేపే.

ఇక గుడ్లు పెట్టడం. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, మీరే నాకు చెప్పాలి. వానాకాలం మొదట్లో గోదావరికి ఎర్రనీళ్ళు రాగానే మన చేపలు ఎలా ఎదురీదుతాయో, అక్కడ మంచు కరిగి వసంతంలో వాగులు పొంగగానే ఇవి అలా కదులుతాయి. ఏప్రిల్ నుంచి జూన్ లోపు, నీళ్ళు 15 డిగ్రీలు దాటాక. లోతు నీళ్ళు వదిలి, వరద మునిగిన గడ్డిలోకి, చిత్తడి నేలల్లోకి, మోకాలి లోతులోకి వచ్చేస్తాయి. ఒక ఆడ చేప చుట్టూ రెండు మూడు మగవి చేరి, నీళ్ళన్నీ చిందరవందర చేస్తాయి, వీపులు పైకి తేలి కనిపిస్తాయి. నేను మొదటిసారి చూసినప్పుడు ఎవరో చిన్నపిల్లలు నీళ్ళలో పడి కొట్టుకుంటున్నారేమో అని నిజంగానే పరుగెత్తాను.

పెద్ద తల్లి చేపలో జన, అంటే గుడ్లు, లక్షల్లో ఉంటుంది. గుడ్లు జిగురుగా ఉండి గడ్డికి అతుక్కుంటాయి, ఈ విషయంలో ఇది బొచ్చెలా కాదు, బంగారుతీగలా. బొచ్చె గుడ్డు అతుక్కోదు, మన హ్యాచరీల్లో గుండ్రంగా తిరిగే నీళ్ళలో పద్దెనిమిది గంటల లోపే పగిలిపోతుంది. ఆ చలినీళ్ళలో దీని గుడ్డు పగలడానికి వారం, పదిరోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ వారం పదిరోజులు వరద నిలబడాలి. నీళ్ళు తొందరగా తీసేస్తే గుడ్లు గడ్డి మీద ఎండిపోతాయి. తల్లీ తండ్రీ కాపలా ఉండవు, పెట్టేసి వెళ్ళిపోతాయి.

మనం దీనికి ఏం చేశాం? చేపకి వరద వచ్చిందని నమ్మించే పని సూదితో చేసేశాం. 1957 జులై 10న కటక్‌లో హీరాలాల్ చౌధురి గారు పిట్యూటరీ, అంటే మెదడు కింద ఉండే గ్రంథి, దాని రసం ఇంజెక్షన్ చేసి మన కార్ప్ చేపల చేత, అంటే శీలావతి వైపు వాటి చేత, గుడ్లు పెట్టించారు, ఆ రోజునే ఇవాళ మనం చేపల రైతుల దినంగా జరుపుతున్నాం. ఇక్కడ ఉన్న ప్రతి చెరువూ ఆ సూది మీద నడుస్తోంది. ఆ బఫెలోకి సూది వేసేవాళ్ళు లేరు. వరద రావాల్సిందే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, నేను ఇంత దూరం వచ్చింది దీని కోసమే. మీ చెరువులో బొచ్చె ఎన్నాళ్ళుంటుంది? పిల్ల వేశాక ఏడాది, ఏడాదిన్నర, పట్టుబడి. దాన్ని వదిలేస్తే ఎన్నేళ్ళు బతుకుతుందో మనలో ఎవరూ చూడలేదు, చూసే అవసరమూ రాలేదు. (ఎవరో: పదేళ్ళు ఉంటదండీ!) ఉంటుందేమోనండీ. బిగ్‌మౌత్ బఫెలో ఎన్నేళ్ళని మీ అంచనా? చెప్పండి. పదిహేనా? ముప్ఫయ్యా? అక్కడి శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు, ఇరవై ఆరేళ్ళ దగ్గర ఆపేశారు.

మా ఊళ్ళోనే ఉన్న నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో అలెక్ లాక్‌మన్ అనే ఆయన, అప్పటికి పరిశోధక విద్యార్థి, ఈ చేపల చెవిరాళ్ళు తీసి కోసి చూశాడు. చెవిరాయి అంటే, చేప తలలో, మెదడు పక్కన, వినడానికీ బ్యాలెన్స్‌కీ ఉపయోగపడే చిన్న రాయి, సున్నపు రాయి లాంటిదే. చెట్టు మొద్దు కోస్తే ఏడాదికో వలయం ఉంటుంది చూడండి, దీనిలోనూ అలాగే. అంతకు ముందు పొలుసుల మీద, రెక్క ఎముకల్లో గీతలు లెక్కపెట్టేవారు. కానీ చేప ఎదుగుదల ఆగిపోయాక పొలుసు కూడా ఆగిపోతుంది, గీతలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. చెవిరాయి మాత్రం ఏటా ఎంతో కొంత పేరుకుంటూనే ఉంటుంది. అయితే దాన్ని పలచటి పొరలా కోసి మైక్రోస్కోప్ కింద పెడితేనే కనిపిస్తుంది. ఎవరికీ ఆ ఓపిక లేదు, తినని చేపకి అంత శ్రమ ఎందుకని.

ఆయన లెక్కపెట్టాడు. ఎనభై. తొంభై. నూరు దాటింది. తనే నమ్మలేదు. నమ్మరు కదా ఎవరైనా. అందుకని రెండో సాక్ష్యం తెచ్చాడు, అణుబాంబుల సాక్ష్యం. 1950ల్లో, 60ల్లో అమెరికా, రష్యా పోటీపడి గాలిలో బాంబులు పేల్చి పరీక్షలు చేశారు, దాంతో గాలిలో కార్బన్-14 అనేది ఒక్కసారిగా పెరిగింది. గాలిలోంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి చేప ఒంట్లోకి. అప్పుడు పేరుకున్న వలయంలో అది ఎక్కువగా ఉంటుంది, బాంబులకి ముందటి వలయాల్లో తక్కువ. అంటే చేప తలలో తారీఖు ముద్ర పడిపోయింది. వలయాల లెక్క, ఈ ముద్ర, రెండూ సరిపోయాయి. 2019లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అన్నిటికన్నా పెద్ద వయసు 112 ఏళ్ళు. మిన్నెసోటాలో పెలికన్ రాపిడ్స్ అనే చిన్న ఊరి దగ్గర దొరికిన ఆడ చేప, బరువు పది కిలోలు మాత్రమే.

నూట పన్నెండేళ్ళండీ. బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వందేమాతరం అనిపించింది 1907లో. ఈ చేప అప్పటికే పుట్టి ఈదుతోంది. స్టర్జన్ లాంటి పాతకాలపు చేపల్ని పక్కన పెడితే, మామూలు ఎముకల చేపల్లో మంచినీటిలో అప్పటిదాకా ఉన్న రికార్డుని ఇది దాదాపు నలభై ఏళ్ళు దాటేసింది. ఆ తర్వాత కెనడాలో సస్కాచెవాన్‌లో ఇంకో దానికి 127 ఏళ్ళు లెక్క తేలింది.

ఇంకో మాట, సైజు చూసి వయసు చెప్పలేం. మొదట్లో పెరుగుతుంది, తర్వాత చాలా నిదానం. ఉత్తరాది నీళ్ళలో ఆడ చేప గుడ్లకి రావడానికే ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఆపైన ముప్ఫయ్యేళ్ళదీ తొంభయ్యేళ్ళదీ తక్కెడలో పెడితే ఒకే బరువు తూగొచ్చు. ముసలిదయ్యేకొద్దీ ఒంటి మీద నల్ల మచ్చలు, నారింజ రంగు మచ్చలు వస్తాయి, మన పెద్దవాళ్ళ చేతుల మీద వచ్చినట్టు. ఆ మచ్చల్ని బట్టి ఇది పాతకాపు అని మాత్రం అనుకోవచ్చు.

మరి ముసలితనంలో జబ్బులు? ఇది నాకు బాగా నచ్చిన ముక్క. అదే యూనివర్సిటీలో 2021లో రెండేళ్ళ చేప నుంచి తొంభై తొమ్మిదేళ్ళ చేప దాకా రక్తం తీసి చూశారు. వయసు పెరిగేకొద్దీ రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గలేదు సరికదా, కొన్ని కొలతల్లో మెరుగుపడింది. ఒత్తిడిని చూపించే రక్తకణాల నిష్పత్తి కూడా ముసలి చేపల్లోనే బాగుంది. క్రోమోజోముల చివర్లు ఉంటాయి కదా, టీలోమియర్లు, మనకి వయసుతో అరిగిపోతుంటాయి, వీటికి అలా అరిగిన జాడ కనిపించలేదు. మా నాన్నకి ఇది చెప్తే, "దానికి బ్యాంకు లోను లేదు కదే" అన్నారు. (నవ్వులు)

ఇంతవరకూ వింటే ఆహా అనిపిస్తుంది. ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆ 2019 పరిశోధనలోనే, కొన్ని చోట్ల ఉన్న చేపల్లో నూటికి 85 నుంచి 90 దాకా ఎనభయ్యేళ్ళు దాటినవే. మీ ఊళ్ళో జనాభా లెక్కలు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది ఎనభై దాటినవాళ్ళే ఉంటే మీరేమంటారు? ఊరు ఆరోగ్యంగా ఉందంటారా? పిల్లలేరి అంటారు. 1930ల తర్వాత అక్కడ పిల్ల నిలబడలేదు. 1930ల్లో ఏం జరిగింది? ఆ వాగుల మీద చిన్న చిన్న ఆనకట్టలు కట్టారు. నీటిమట్టం సమంగా ఉంచడం మొదలుపెట్టారు. వరద గడ్డి మీదికి ఎక్కడం తగ్గింది, చేప పైకి వెళ్ళే దారీ మూతపడింది.

మిన్నెసోటాలోనే రైస్ లేక్ అని ఒకటుంది, వన్యప్రాణుల శరణాలయం లోపల. అడవి వరి పండే సరస్సు, అందుకే ఆ పేరు. అక్కడ ప్రతి మే నెలలో బఫెలో చేపలు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. ప్రతి ఏడాదీ. గుడ్లు పగులుతాయి, పిల్లలు కూడా కనిపిస్తాయి. ఎండాకాలం గడిచేసరికి మాయం. 2024లో అచ్చయిన లెక్క ప్రకారం అక్కడి పెద్ద చేపల్లో 99.7 శాతం 1972కి ముందు పుట్టినవి. అంటే యాభై ఏళ్ళకు పైగా ఏటా వచ్చి, ఏటా గుడ్లు పెట్టి, ఒక్క తరాన్ని కూడా నిలబెట్టుకోలేకపోయాయి. నార్తర్న్ పైక్ అని మన కొరమీనులాంటి వేటచేప ఉంటుంది, పొంచి ఉండి మింగేస్తుంది, అది పిల్లల్ని తినేస్తోందేమో అని అనుమానం. బయటినుంచి చూసేవాడికి ఏం కనిపిస్తుంది? సరస్సు నిండా పెద్ద పెద్ద చేపలు, మేలో గుడ్లు పెట్టే సందడి. అంతా బాగానే ఉందనుకుంటాడు. బజారు మూసేసిన ఊళ్ళో తాతలందరూ అరుగు మీద కూర్చుని పేకాడుకుంటున్నట్టు.

ఈ చేప బతుకు తీరే అది. మన చేపలకి ఏటా వరద వస్తుంది, ఏటా పిల్ల వస్తుంది. అక్కడి మైదానాల్లో ఒక పదేళ్ళు కరువు, ఆ తర్వాత ఒక మహా వరద, అలా ఉంటుంది వాతావరణం. అందుకని ఇది తొందరపడదు. ఇరవై, ముప్ఫయ్యేళ్ళు మంచి సంవత్సరం రాకపోయినా ఉండి, వచ్చినప్పుడు ఒక్కసారిగా లక్షల పిల్లల్ని వదులుతుంది. మధ్యలో ముసలివి బతికి ఉంటే చాలు. ముసలివి పోతే మాత్రం వరద వచ్చినా పెట్టేవాళ్ళుండరు.

అరిజోనా కథ ఒకటి చెప్పాలి, అది ఎడారి, ఈ చేప పుట్టిన చోటు కానే కాదు. 1918లో అయోవా రాష్ట్రంలోని ప్రభుత్వ హ్యాచరీ నుంచి రైల్లో పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ రూజ్‌వెల్ట్ జలాశయంలో వదిలారు, తినడానికి పనికొస్తాయని. తర్వాత అందరూ మర్చిపోయారు. దాని కిందే ఇంకో జలాశయం ఉంది, అపాచీ లేక్. ఈమధ్య అక్కడ గాలంతో చేపలు పట్టి ఫొటో తీసుకుని వదిలేసే ఒకాయన, మచ్చలున్న చేపలు మళ్ళీ మళ్ళీ దొరుకుతుంటే గమనించి శాస్త్రవేత్తలకి చెప్పాడు. 2023లో తేలింది ఏమిటంటే, బిగ్‌మౌత్ ఒక్కటే కాదు, స్మాల్‌మౌత్, బ్లాక్, మూడు బఫెలోలూ నూరేళ్ళు దాటి బతుకుతున్నాయి. అంటే రైలెక్కి వచ్చిన ఆ పిల్లల్లో కొన్ని ఇంకా ఆ నీళ్ళలోనే తిరుగుతున్నాయన్నమాట. నాకు ఆ రైలు తలుచుకుంటే ఏదోలా ఉంటుంది. చేపపిల్లల్ని మోసే మన సీడ్ లారీలు గుర్తొస్తాయి.

ఇప్పుడు ఇందాక ఆపిన మాట. అమెరికాలో గాలంతో సరదాగా పట్టే చేపల్ని, వాలై, బాస్, ట్రౌట్, వాటిని గేమ్ ఫిష్ అంటారు, రోజుకి ఇన్నే పట్టాలని లెక్క ఉంటుంది. మిగతావన్నీ రఫ్ ఫిష్, అంటే మోటు చేపలు, చెత్త చేపలు. యూరప్ నుంచి తెచ్చి వదిలిన బంగారుతీగ అక్కడ నీళ్ళు కలకబెట్టి పాడుచేస్తుంది, అందరికీ దాని మీద కోపం. దానిలాగే ఉన్న పాపానికి బఫెలో కూడా ఆ జాబితాలోనే పడింది. రాత్రిపూట పడవకి ఫ్లడ్‌లైట్లు పెట్టుకుని, తీగ కట్టిన బాణాలతో కొడతారు. పోటీలు పెడతారు, ఎవరు ఎక్కువ బరువు కొడితే వాళ్ళకి బహుమతి. చాలా రాష్ట్రాల్లో పరిమితే లేదు. బాణం దిగిన చేపని మళ్ళీ వదలడం కుదరదు కదా. తినరు కూడా, చాలావరకు పారేస్తారు.

నేను దాన్ని ఒకసారి ఒడ్డున చూశాను. పడవలోంచి దించి గోనెల్లా పోశారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, నవ్వుతూ మాట్లాడారు, పక్కన పిల్లలు కూడా ఉన్నారు. వాటికి మీసాల్లేవు, రంపపు ముల్లు లేదు, ఇవి బంగారుతీగలు కావు అని చెప్పాను. "తేడా ఏముంది" అన్నారు. ఒకటి చెప్పాలి, లాక్‌మన్‌కి చెవిరాళ్ళు ఎక్కువగా దొరికింది కూడా ఇలా బాణాలతో కొట్టేవాళ్ళ దగ్గరే. వాళ్ళు చేపలు ఇవ్వకపోతే ఈ వయసు సంగతి ఎవరికీ తెలిసేదే కాదు. అది కూడా నిజమే.

2024లో మిన్నెసోటా చట్టసభ స్థానిక చేపల్ని, బయటినుంచి వచ్చిన కార్ప్‌లని ఒకే గాటన కట్టడం మానేసి వేరుచేసింది. మంచిదే. నన్నడిగితే యాభై ఏళ్ళు ఆలస్యం, కానీ ఈ చేప లెక్కలో యాభై ఏళ్ళంటే నడివయసు.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మేడమ్, దీని సీడ్ ఇక్కడ తెచ్చి వేస్తే పెరుగుతుందా?)

నాకు తెలుసు ఇది అడుగుతారని. పెరుగుతుందండీ, అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలో ఒకప్పుడు వరిచేలల్లో ఇదే పెంచేవారు, చేపల సాగు అక్కడ దీనితోనే మొదలైంది. కానీ తేవద్దు. దణ్ణం పెడతాను. 1970ల్లో అదే ఆర్కాన్సాకి చైనా వైపు నుంచి సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ తెచ్చారు, చెరువుల్లోంచి తప్పించుకుని మిసిసిపీ నది అంతా నిండిపోయాయి, ప్లాంక్టన్ మొత్తం అవే తినేస్తుంటే ఇల్లినాయ్ నదిలో బఫెలోలు బక్కచిక్కిపోయాయి. అక్కడ మన ఆసియా చేప వాటి కంచం లాక్కుంది. ఇక్కడ అది వచ్చి బొచ్చె కంచం లాక్కోవడం ఎందుకు? పొద్దున్న మందడిగిన పెద్దాయన్ని అడగండి, ఆయన చెప్తారు.

(ప్రశ్న: రుచి ఎలా ఉంటుంది?)

పులుసుకి బాగుంటుంది. బొచ్చె అంత కొవ్వు అనిపించదు నాకు, ముళ్ళు మాత్రం తక్కువేం కాదు. అక్కడ బెంగాలీలు, మనవాళ్ళు చాలామంది శీలావతికి బదులు ఇదే కొంటారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్ళు దీని పక్కటెముకల ముక్కలు వేయించి తింటారు, అది చాలా ఇష్టంగా తింటారు. చెత్త చేప అనే మాట ఎవరి నోట్లోంచి వస్తోందో చూసుకోవాలి.

(ప్రశ్న: మీరింకా తింటున్నారా?)

హ్మ్. మా ఇంట్లో ఇప్పుడు చాలావరకు మానేశాం. ఎప్పుడైనా కొంటే చిన్నది చూసి కొంటాను, చిన్నదంటే కుర్రదని గ్యారంటీ లేదని మీకు ఇప్పుడే చెప్పాను. ఆ మొదటిసారి కొన్న చేప ఉంది చూశారూ, నాన్నకి ఫోన్లో చూపించింది, దాని తల వండలేదు, భయపడి ఫ్రీజర్‌లో పెట్టేశాను. ఈ పరిశోధన చదివిన రోజు తీసి, పుర్రె వెనక వైపు కత్తితో విప్పి, పట్టకారుతో వెతికాను. దొరికింది. ఇదిగో, ఈ బొట్టుబిళ్ళల డబ్బాలో ఉంది. బియ్యపు గింజ కన్నా కాస్త వెడల్పు. ఇంకా కోయించలేదు. ల్యాబ్‌కి ఇస్తే వారంలో చెప్పేస్తారు ఎన్నేళ్ళో, మూడేళ్ళుగా ఇవ్వాలనే అనుకుంటున్నాను.

ముందు వరసలోంచి అందించండి, వెనక్కి వెళ్ళి మళ్ళీ నా దగ్గరికి రావాలి. ఫ్యాను కాస్త ఆపించండి బాబూ, ఎగిరిపోతే దొరకదు.